బండి తనే ఆగుతుందా?

మార్చి 10, సోమవారం

పాత బండి ఇక చాలని తమ్ముడు తేల్చేశాడు. అక్షయ తృతీయ నాటికి కొత్తది గేటు ముందు ఉండాలట. భోజనాల దగ్గర అదే మాట.

తమ్ముడి కూతురు శ్వేతకి టర్బో ఇంజను కావాలి. "పికప్ లేకపోతే క్యా ఫాయిదా డాడీ? సర్కండా పోయే ఆటోలు కూడా మనల్ని దాటి పోతున్నాయి" అంది. నేను సీఎన్‌జీ అన్నాను. తమ్ముడు నవ్వాడు. "సిలిండరు డిక్కీ అంతా తినేస్తుందక్కా. నీ శ్రీరామనవమి పందిరి సామాను నెత్తిమీద పెట్టుకుంటావేటి?"

అదీ నిజమే.

చీపురు కొన్నా రంగు చెప్పే మనిషి నా మరదలు జ్యోతిర్మయి. బండి రంగు ఊసే ఎత్తలేదు.

అందరూ అన్నాక తమ్ముడు కూతుర్ని ఒక్కటే అడిగాడు. "ముందర ఏదైనా అడ్డొస్తే బండి తనే ఆగిపోయేది ఉంటుందట గదా. అది దేంట్లో ఉందో ఫోన్లో చూడు."

రైలింజను నడిపే మనిషి. పాతికేళ్ళు పైగా బ్రేకు మీద చెయ్యి పెట్టుకుని బతికినవాడు. కారులో పక్కన కూర్చుని నేను భయంతో కాలు నేలకేసి నొక్కితే, "నీ వైపు బ్రేకు లేదక్కా, ఉట్టినే అరిగిపోతావు" అని ఎగతాళి చేసేవాడు. వాడికి తనంతట తానే ఆగే బండి ఎందుకు?

అనుమానపడటం నా స్వభావం కాదు. రాసి పెట్టుకుంటున్నాను, అంతే.


మార్చి 12

సహస్రనామం మధ్యలో తప్పింది. మళ్ళీ మొదటినుంచి చదివాను.


మార్చి 16, ఆదివారం

షోరూములు తిరిగాం. చివరిదాంట్లో రాకేష్ అని ఒక అబ్బాయి, టై కట్టుకుని, అన్నీ ఓపిగ్గా చూపించాడు. హైవే ఎక్కువ తిరిగితే డీజిల్ తీసుకోమన్నాడు. "సగం ఉద్యోగం డీజిల్ ఇంజన్ల మీద పోయింది, ఇంట్లో కూడా ఆ కంపేనా?" అన్నాడు తమ్ముడు. బ్యాటరీ బండి చూపిస్తే శ్వేత అందుకుంది. "డాడీకి కరెంటు బండి ఇస్తే ఊపర్ తార్ భీ లగానా పడేగా." రైలుకి లాగినట్టు పైన తీగ కూడా లాగాలట. రాకేష్ కూడా నవ్వాడు. క్వార్టర్లో చార్జింగుకి పాయింటు పెట్టుకోవాలంటే ఎవరెవరి పర్మిషన్లు కావాలో తలచుకుని అది వదిలేశాం.

తెల్ల పెట్రోలు బండి ఒకటి, గేర్లు వాటంతటవే మారేది, తమ్ముడికి నచ్చింది. రాకేష్ తమ్ముడి చేతికి ధరల కాగితం ఇచ్చాడు. తమ్ముడు దాన్ని చూడకుండానే జ్యోతిర్మయికి అందించాడు. "చదువు" అన్నాడు. ఆమె మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, ఒక్కో వరసా చదివింది. కళ్ళజోడు తేలేదట. చొక్కా జేబులో కనబడుతూనే ఉంది.

నేను చేయి చాపితే జ్యోతిర్మయి కాగితం మడిచి సంచిలో వేసుకుంది.

నేను చూడకూడనిది అందులో ఏముంటుంది?

వచ్చేముందు తమ్ముడు మళ్ళీ అడిగాడు. "బండి తనే ఆగుతుందా? పక్కానా?" 

"పక్కా సర్. ఆప్ సో భీ జాయే తో రుక్ జాయేగీ."

నిద్రపోయినా ఆగుతుందట. తమ్ముడు నవ్వలేదు.


మార్చి 18

పాత బండికి ఎడమవైపు పొడుగ్గా గీత పడింది. "లాబీ స్టాండులో ఎవడో గీకేశాడక్కా" అన్నాడు. డ్యూటీకి సంతకం పెట్టడానికి లాబీకి వెళ్ళినప్పుడు బండి అక్కడే పెడతాడు కాబట్టి నమ్మాను.

సాయంత్రం తులసికి నీళ్ళు పోస్తూ తడిగుడ్డతో ఆ గీత తుడిచాను. గుడ్డకి ఆకుపచ్చ రంగు అంటింది. మన గేటుది. పోయినవారమే వేయించాం, ఉగాది వస్తోందని.

సొంత గేటుకి రాసుకుని స్టాండులో ఎవడి మీదో పెట్టడం ఏమిటి?


మార్చి 23, ఆదివారం

జ్యోతిర్మయి పోయిన ఆదివారంలాగే ఇవాళా ఉప్పు మానేసింది. బీపీ అంది. నిన్న అందరితో పాటు ఆవకాయ వేసుకుంది. ఆదివారం మాత్రమే వచ్చే బీపీ ఎక్కడా వినలేదు.

పెరట్లో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం వదులుతుంటే చూశాను. పెదవులు కదులుతున్నాయి. నన్ను చూసి ఆపేసింది.

వంటింట్లో ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. శ్రీకాకుళం ఫోన్లు గోడ అవతలికి కూడా వినబడతాయి. "ఒదినకి ఇప్పుడే చెప్పకే అమ్మా. ఆయన ఉద్యోగం సంగతి తేలనీ. అప్పుడు నేనే చెప్తాను."

ఇప్పుడు అర్థమవుతోంది. వీడు అటు బదిలీ పెట్టుకున్నాడు. లేదా ఉద్యోగం మానేసి అత్తవారి ఊరికి పోతాడు. అంత దూరం రోడ్డు మీద వెళ్ళాలంటే తనే ఆగే బండి కావాలి మరి.

నాన్న పోయాక ఆయన బదులు రైల్వే ఆఫీసులో నన్ను తీసుకున్నారు. తమ్ముణ్ణి డ్రైవరు పరీక్షకి నేను చదివించాను. ఇవి తలుచుకోకూడదు. తలుచుకున్నాను.


మార్చి 26

రెస్టు రోజున ఇద్దరూ పొద్దున్నే రాయపూర్ వెళ్ళారు. అక్కడ కార్లు ఎక్కువ రకాలుంటాయట. సాయంత్రం స్టేషన్ నుంచి నడిచి వచ్చారు. తమ్ముడికి నల్లద్దాలు. జ్యోతిర్మయి వాడి చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో వీధిలో వాళ్ళు చెయ్యి పట్టుకోవడం నేను చూడలేదు.

"ఈ అద్దాలు ఏటి?"

"షోరూములో ఊరికే ఇచ్చారక్కా. ఎలగున్నాను?"

"బాగున్నావు."

రాయపూర్ దాకా పోయి కార్లు చూసి వచ్చినవాళ్ళ దగ్గర ఒక్క కాగితం లేదు.


మార్చి 27

వెళ్ళిపోతే వెళ్ళనీ. అడగను.


మార్చి 30, ఉగాది

తమ్ముడి ఇంజనులో ఈమధ్య అసిస్టెంటుగా వస్తున్న హరిప్రియ భోజనానికి వచ్చింది. విజయనగరం అమ్మాయి, పండక్కి ఊరు వెళ్ళలేకపోయింది. పచ్చడి మూడుసార్లు వేయించుకుంది. మంచి పిల్ల.

శ్వేత పాత ఆట గుర్తుచేసింది. ఇంజనులో ఇద్దరూ ప్రతి సిగ్నలుకీ చెయ్యి చాచి రంగు పైకి అనాలి. ఒకరు పిలిస్తే రెండోవాళ్ళు తమ కంటితో చూసి మళ్ళీ పిలవాలి. తమ్ముడు కారులో కూడా అదే. నెహ్రూ చౌక్ సిగ్నలు రాగానే చెయ్యి చాచి "రెడ్!" అనేవాడు. చిన్నప్పుడు శ్వేత వెనక సీట్లోంచి "రెడ్!" అని అరిచేది. పక్క స్కూటర్లవాళ్ళు చూసేవారు.

"ఇప్పుడు డాడీ పిలవడమే లేదు" అంది శ్వేత. "నన్నే పిలవమంటాడు."

హరిప్రియ నవ్వింది. "ఇంజన్లో కూడా అంతే. సార్ నన్నే ముందు పిలవమంటారు. నేర్చుకోవాలంట."

"నువ్వు పిలిచాక వాడూ పిలుస్తాడా?" అన్నాను.

"పిలుస్తారండీ. నేనేదంటే అదే. ఇంకా గట్టిగా."

జ్యోతిర్మయి గరిటె పట్టుకొచ్చి హరిప్రియ విస్తట్లో పులిహోర కుమ్మరించింది. ఎవరూ అడగలేదు. తమ్ముడు మజ్జిగ తాగుతూ గ్లాసు వెనకాల చాలాసేపు ఉండిపోయాడు.


ఏప్రిల్ 6, శ్రీరామనవమి

పందిరి సామాను ఆటోలో తెచ్చుకున్నాను. బండి గేటులోనే ఉంది. తమ్ముడు రెస్టులోనే ఉన్నాడు. "ఎండక్కా" అన్నాడు. సీతమ్మవారికి తలంబ్రాలు పోస్తుంటే సగం పక్కన పడ్డాయి. ఉపవాసం వల్ల.


ఏప్రిల్ 11

పాత బండి విలువ కట్టడానికి రేపు షోరూమువాళ్ళు వస్తారు. సామాను ఖాళీ చేస్తానన్నాను. డిక్కీలో గొడుగు, శ్వేత చెప్పులు, నా కొబ్బరికాయల సంచి. ముందు సీటు దగ్గర అరలో, కాగితాల వెనకాల, ఎర్ర గుడ్డలో చుట్టి ఏదో ఉంది.

వెండి కళ్ళు. ఒక జత. అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుని ఇచ్చేవి. చూపు బాగుపడాలని.

జ్యోతిర్మయి వాళ్ళమ్మకి శుక్లాలు. అందుకే అయ్యుంటుంది.

నా పూజ పెట్టెలో పెట్టాను. ఎందుకు అలా చేశానో తెలియదు.


ఏప్రిల్ 12

వాళ్ళమ్మకి ఆపరేషను పోయినేడే అయిపోయింది. నేనే ఫోను చేసి పలకరించాను.


ఏప్రిల్ 13, ఆదివారం

జ్యోతిర్మయి పాత బండిలో సీట్లు ఎత్తి వెతుకుతోంది.

"ఏటి పోయింది?"

"ఏటీ లేదొదినా. క్లిప్పు."

"దొరికిందా?"

"చిన్నదే లెండి."

ఉప్పులేని అన్నం తింటూ నా పూజ గది వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇద్దరం మజ్జిగ పోసుకున్నాం.


ఏప్రిల్ 15

తమ్ముడు బొగ్గు రైలు మీద వెళ్ళాడు.

ఈ ఊళ్ళో పుట్టాను. ఇంజను కూత వినని పూట లేదు, విన్నట్టు తెలిసిన పూట కూడా లేదు. ఇవాళ జపం చేస్తుంటే ప్రతి కూతకీ పూసలు ఆగిపోయాయి. అన్ని పెట్టెలు వెనకాల, ఎదర గేట్లు, గేట్ల దగ్గర ఆగిన స్కూటర్లు. ముందు సీట్లో ఆ విజయనగరం పిల్ల పిలుస్తూ ఉంటుంది. వీడు గట్టిగా అదే అంటూ ఉంటాడు.

ఇది వట్టి అనుమానం కావచ్చు. కావాలి.

అడిగితే లేదంటాడు. ఒకసారి లేదన్నాక ఆ మాట నిలబెట్టుకోవడానికి చూస్తాడు. వాడి సంగతి నాకు తెలుసు. అడగకూడదు. చూడాలి.


ఏప్రిల్ 16

తిరిగొచ్చాడు. దేవుడికి దీపం.


ఏప్రిల్ 20, ఆదివారం

పొద్దున్న తెల్ల బండి నడిపి చూడటానికి రమ్మని షోరూమువాళ్ళు చెప్పారు. నేను వస్తానన్నాను. జ్యోతిర్మయి చెప్పులు వేసుకుంది.

"నువ్వెందుకు? శ్వేతకి పరీక్ష, దానికి టిఫిను చూడు. మేమిద్దరం చాలు."

"నేనూ వస్తానొదినా. ముందు సీట్లో కూర్చుని చూడాలి గదా."

"నేను చూస్తాను."

తమ్ముడు "ఉండనీ జ్యోతీ" అన్నాడు. ఆమె గేటు పట్టుకుని నిలబడింది. ఆకుపచ్చ గేటు. ఆటో మలుపు తిరిగేదాకా లోపలికి పోలేదు.

షోరూము దగ్గర తమ్ముడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను పక్కన. వెనక రాకేష్, చేతిలో ఫోను. గేర్లు మార్చక్కర్లేదు, క్లచ్చి లేదు, ఎడమకాలికి పనిలేదు. "కాలు ఖాళీగా ఉంటే ఏదోలా ఉందక్కా" అన్నాడు. మొదటి చౌక్ దగ్గర ముందు కారు ఆగింది, మేమూ ఆగాం. కదిలింది, కదిలాం. నేను నోరు విప్పలేదు.

రెండో చౌక్ దగ్గర ముందు ఎవరూ లేరు. తమ్ముడు నెమ్మది చేశాడు. బాగా నెమ్మది.

"పిలు అక్కా. ఈవేళ నువ్వే అసిస్టెంటువి." నవ్వుతూనే అన్నాడు.

"గ్రీన్."

"గ్రీన్!" చెయ్యి చాచి అన్నాడు. బండి దూసుకుపోయింది. పికప్ శ్వేత చూస్తే సంతోషించేది. నాకూ క్షణం సంతోషం వేసింది. చూశాడేమో అనుకున్నాను. నాకు నేను చెప్పుకున్నాను, చూశాడు, చూశాడు.

అరపా వంతెన దాటాం. సర్కండా వైపు చౌక్. ముందు ఖాళీ. ఎదురుగా స్తంభం మీద పచ్చ దీపం వెలుగుతోంది. తిరునాళ్ళలో దీపంలా, దాచిపెట్టడానికి లేకుండా.

"ఏటక్కా?"

చిన్నప్పటినుంచి నేను అబద్ధం ఆడలేదు. ఆడాల్సిన పని పడలేదు, అంతే, గొప్పేమీ కాదు.

"రెడ్" అన్నాను.

"రెడ్!" చెయ్యి చాచాడు. గట్టిగా. బ్రేకు వేశాడు. బండి మెత్తగా, గీతకి ఇవతల, చక్కగా ఆగింది. అంత బాగా ఆపగలవాడు.

వెనక హారన్లు మొదలయ్యాయి. ఒకడు పక్కనుంచి పోతూ ఏదో తిట్టాడు. రాకేష్ ఫోను దించాడు. "సర్, గ్రీన్ హై. చలియే."

"రెడ్ హై భాయ్" అన్నాడు తమ్ముడు.

"నహీ సర్, సామ్నే దేఖియే నా, గ్రీన్..."

తమ్ముడు ఎదురుగా చూశాడు. చూస్తూనే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. వాడు రాకేష్‌తో అన్నాడు. "దీదీ నే రెడ్ బోలా. హమారీ దీదీ ఝూట్ నహీ బోల్తీ." అక్క రెడ్ అంది, మా అక్క అబద్ధం ఆడదు, అని.

రాకేష్ నన్ను చూశాడు. హారన్లు పెరిగాయి. అంతలో దీపం పచ్చ పోయి పసుపు, పసుపు పోయి ఎరుపు పడింది. "అబ్ హువా రెడ్" అన్నాడు రాకేష్, నెమ్మదిగా.

తమ్ముడి చేతులు స్టీరింగు మీంచి ఒళ్ళోకి వచ్చాయి.

"ఎండ కళ్ళలో పడింది" అన్నాడు.

ఎండ మా వెనక ఉంది.

దిగి, రాకేష్‌ని నడపమన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు వెనక సీట్లో కూర్చుని వంతెన కింద నీళ్ళు లేని ఏటిని చూశాడు. చూశాడని అనుకుంటున్నాను. ఏం కనబడిందో నాకు తెలియదు.


అదే రోజు, సాయంత్రం

వసారాలో కూర్చోబెట్టి అడిగాను. రెటీనాలో నీరట. సుగరు వల్లట. రాయపూర్లో కార్లు కాదు, కంటి డాక్టరు. నల్లద్దాలు మందు చుక్కలు వేసినందుకు. ఇంజెక్షన్లు ఇస్తే తగ్గొచ్చట.

"ఎప్పట్నించి?"

"చలికాలం నించి కొంచెం మసగ్గా ఉండేది. ఈమధ్యే ఎక్కువైంది."

"మరి రైలు?"

"లైను నాకు తెల్సక్కా. ఏ సిగ్నలు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్తాను."

"కళ్ళు మూసుకునే నడుపుతున్నావు."

"హరిప్రియ పిలుస్తుంది గదా. ఆ పిల్ల కళ్ళు గద్ద కళ్ళు."

"ఒకరోజు తప్పు పిలిస్తే?"

"ఎందుకు పిలుస్తుంది? పిలవదు."

"ఇవాళ నేను పిలిచాను."

గేటు అవతల ఎవరో కూరలవాడు అరుస్తూ పోయాడు.

తమ్ముడు గేటు వైపు తిరిగి అన్నాడు. "చెప్పేస్తే దింపేస్తారక్కా. లాబీలో కుర్చీ వేసి రిజిస్టర్లు రాయమంటారు. నిన్న నా వెనకాల నడిచిన కుర్రాళ్ళందరూ వచ్చి, అంకుల్, కైసే హో అంటారు. ఇంజెక్షన్లు పనిచేస్తే నెల్లో మామూలే. ఈ నెల ఒక్కటీ ఎలాగో..."

"తగ్గాక ఎక్కు."

"తగ్గకపోతే?"

"ఎక్కకు."

"నీకు ఎంత సులువుగా ఉందే!"

"లేదు" అన్నాను. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అలా చూశాడు నన్ను. నేను ఏనాడూ గొంతు పెంచలేదు, ఇవాళ కూడా పెంచలేదు. అందుకే ఎక్కువ బాధ పడ్డాడేమో.

జ్యోతిర్మయి గుమ్మంలోనే ఉంది. కొంగు నోటికి అడ్డం. "నేను చెప్పాలొదినా. రోజూ చెప్పాలనే అనుకున్నాను. బండన్నా తనే ఆగేది కొందామని మొదలెట్టాం. రైలుకి అలాటిది లేదు గదా."

"నీ క్లిప్పు నా దగ్గర ఉంది" అన్నాను.

"తెల్సు" అంది.

వాళ్ళు నన్ను వదిలిపోతున్నారని ఒక నెల అంతా అనుకున్నాను. ఆ రైలు ముందు ఎవరెవరు పోయి ఉండేవారో అనుకోలేదు.


ఏప్రిల్ 21, సోమవారం

పొద్దున్న లాబీ నుంచి డ్యూటీకి ఫోను వచ్చింది. "ఆ, వస్తన్నాను" అన్నాడు.

బూట్లు పాలిష్ చేసుకున్నాడు. యూనిఫారం వేసుకున్నాడు. జ్యోతిర్మయి డబ్బా కట్టింది, రోజూలాగే మూడు గిన్నెలు. కారు తీయలేదు, నడిచి వెళ్ళాడు. నా వైపు చూడలేదు. ఎక్కడికని అడిగితే ఏం చెప్పేవాడో. అడగలేదు.

ఆఫీసుకి సెలవు పెట్టాను.

మధ్యాహ్నం. ఫోను లేదు. బొగ్గు రైలు ఒకటి కూత వేసుకుంటూ పోయింది. ఎవరు నడుపుతున్నారో. ఆదిత్య హృదయం చదివాను. చదివింది గుర్తులేదు. లాబీకి ఫోను చేయాలి. నంబరు తీశాను. సాయంత్రం దాకా ఆగుతాను అనుకున్నాను. ఆ ఆగడం సరైనదా? నంబరు నొక్కాను. మోగుతుంటే పెట్టేశాను.

మళ్ళీ నొక్కాను.

ఎత్తినతను చెప్పాడు. "తిరుమలరావ్‌జీ? ఉన్కో తో సుబహ్ హీ అస్పతాల్ భేజా. ఖుద్ బోలే, దిఖ్తా నహీ హై."

తమ్ముణ్ణి పొద్దున్నే ఆస్పత్రికి పంపారట. తనే చెప్పాడట, కనబడటం లేదని.

పొద్దు వాలాక వచ్చాడు. డబ్బా విప్పలేదు. బరువుగా నా చేతికిచ్చాడు. "దిగిపోయానక్కా. నువ్వు మళ్ళీ ఫోను చెయ్యక్కర్లేదు."

ఫోను సంగతి వాడికి అప్పుడే తెలిసిపోయింది. రైల్వేలో ఏదీ దాగదు.


ఏప్రిల్ 24

తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. జ్యోతిర్మయి చేత చెప్పిస్తాడు. "అక్కని మందుల చీటీ ఎక్కడ పెట్టిందో అడుగు." నేను పక్కగదిలోనే ఉంటాను.


ఏప్రిల్ 30, అక్షయ తృతీయ

ఏమీ కొనలేదు. పసుపు కొన్నాను.


మే 9

హరిప్రియ వచ్చింది. తమ్ముడు రెండో ఇంజెక్షనుకి వెళ్ళి లేడు. ఆ పిల్ల నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. "నాకు తెలిసిందండీ. తెలిసి చెప్పలేదు. నేను తప్పకుండా పిలుస్తాను గదా అనుకున్నాను." తల నిమిరాను. కొత్త డ్రైవరు ఎలా ఉన్నాడన్నాను. "నేను పిలిస్తే నమ్మరండీ. రెండుసార్లు చూస్తారు" అంది. అంటూ మొహం తుడుచుకుంది. అది తిట్టో మెచ్చుకోలో ఆమెకే తెలిసినట్టు లేదు.


మే 14

బండి మాట మళ్ళీ లేచింది. లేపింది జ్యోతిర్మయి. "ఆయన్ని ఆస్పత్రికి ఆటోల్లో ఎన్నాళ్ళు తిప్పుతాం? నేను నేర్చుకుంటాను." శ్వేత నోరు తెరిచింది. "మమ్మీ, తుమ్?" 

"నేనే. ముందుకి పోవడానికొకటి, ఆగడానికొకటి. మూడో పెడలు నాకెందుకేటి? ఆ తెల్ల బండే కొనండి."

"టర్బో?" అంది శ్వేత.

"నీ మొగుణ్ణి అడుగు, కొంటాడు."

తర్వాత కొంచెం ఆలోచించి అంది. "తెలుపొద్దు. ముదురు ఎరుపు. తెలుపు మీద ఈ బొగ్గు మసి నేను కడగలేను."

రంగు చెప్పింది. పూజగదిలోకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను.


మే 23

ఒక కంటికి కొంచెం నయమట. ఇంజను ఎక్కడం సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారట. ఇదీ జ్యోతిర్మయే చెప్పింది.


జూన్ 8, ఆదివారం

ఎర్ర బండిని రతన్‌పూర్ అమ్మవారి దగ్గర పూజకి తీసుకెళ్ళాం. జ్యోతిర్మయి నడిపింది, వెనక అద్దానికి ఎల్ అక్షరం. పక్కన తమ్ముడు, నల్లద్దాలు. వెనక నేను, శ్వేత. వెండి కళ్ళు ముందు అరలో పెట్టాను. అరసవల్లి వెళ్ళేదాకా అక్కడ ఉండనీ. జ్యోతిర్మయి చూసి అర మూసేసింది.

నెహ్రూ చౌక్ వచ్చింది. పచ్చ దీపం. ముందు ఎవరూ లేరు. జ్యోతిర్మయి స్టీరింగు రెండు చేతులా బిగించి బండి ఆపేసింది. ఎవరూ పిలవలేదు. నేనే పిలిచాను.

"గ్రీన్."

తమ్ముడు చెయ్యి చాచలేదు. పక్కకి తిరిగాడు. "జ్యోతీ?"

"గ్రీనేనండీ."

"శ్వేతా?"

"గ్రీన్ హై డాడీ, చలో నా! వెనక అందరూ తిడుతున్నారు!"

అప్పుడు చెయ్యి చాచి "గ్రీన్" అన్నాడు. జ్యోతిర్మయి బండి కదిలించింది, ఒక్క కుదుపు కుదిపి. దారంతా ప్రతి సిగ్నలుకీ అంతే. నేను పిలవడం, వాడు ఇద్దర్ని అడగడం. మూడో చౌక్ దాటాక శ్వేతకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. పిలవడం మానలేదు.

గుడి బయట ఎండ, లోపల చీకటి. జ్యోతిర్మయి, శ్వేత బండికి దండ వేయించడానికి ఆగిపోయారు. తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. కాలు ముందుకి చాపి, వెనక్కి తీసుకున్నాడు. నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మెట్టుందా?"

"ఉంది" అన్నాను.

దిగాడు.

"ఇంకా ఉందా?"

"ఇంకొకటి."

ఎవర్నీ అడగలేదు. కాలు వేశాడు.